నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య

తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. పిల్లలతో మాట్లాడే గది కాబట్టి బయటి అలికిడి లోపలికి పోకుండా అంచుల వెంట రబ్బరు అతికించారట. పది రోజుల కిందట గది చూపించడానికి పిలిచినప్పుడు నాదియా చెప్పింది. నాదియా ఈ కోర్టులో పిల్లల చేత మాట్లాడించే ఉద్యోగి, మనస్తత్వశాస్త్రం చదువుకున్న అమ్మాయి, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. లోపల నిజానికి రెండు గదులు. ఒకదాంట్లో పొట్టి బల్ల, రెండు కుర్చీలు, రంగు పెన్సిళ్ళు, మా ఇతాతి, నాదియా. గోడకి పెద్ద అద్దం. అద్దానికి అవతల రెండో గదిలో, చీకట్లో, జడ్జిగారు, మా లాయరు బోర్దోన్ మేడమ్, కంపెనీ తరఫున బ్యూనస్ ఎయిరిస్ నుంచి విమానంలో వచ్చిన ఇద్దరు లాయర్లు. వాళ్ళకి మా అమ్మాయి కనపడుతుంది, అమ్మాయికి వాళ్ళు కనపడరు. వాళ్ళు అడగదలచుకున్నది నాదియా చెవిలో పడుతుంది, దాన్ని పదకొండేళ్ళ పిల్లకి అర్థమయ్యే మాటల్లోకి మార్చి నాదియా అడుగుతుంది. తల్లికీ తండ్రికీ రెండు గదుల్లోనూ చోటు లేదు. మాకు ఈ వరండా, ఈ చెక్క బెంచీ, ఎదురుగా గోడ గడియారం. పది దాటి నాలుగు నిమిషాలు. గంట పడుతుందన్నారు. ఇతాతి లోపలికి వెళ్తూ వెనక్కి తిరగలేదు. జడ వాళ్ళమ్మ గట్టిగా అల్లి పంపింది, బస్సులో నిద్రపోయినా చెదరలేదు, ఆ జడే చివరిగా కనిపించింది.

ఆగస్టు చలి నేల పలకల్లోంచి బూట్లలోకి ఎక్కుతోంది. కిటికీ అవతల లపాచో చెట్టు ఆకులన్నీ రాల్చేసి గులాబీరంగు పూలతో నిలబడింది, కింద ఒకామె చీపురుతో ఆ పూలు ఊడుస్తోంది, ఊడ్చిన చోటే మళ్ళీ పడుతున్నాయి. ఈ వేళకి మా ఊళ్ళో, బెల్లా విస్తాలో, నేను పొద్దుటి లెక్క పంపేసి రేవు మెట్ల మీద కూర్చుని ఉండాలి. ఇరవై రెండేళ్ళుగా నా పని అదే. పరనా నదిలో నిలబెట్టిన కొలత కమ్మీ దగ్గరికి పొద్దున ఏడింటికి వెళ్ళడం, నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూడడం, తేదీ, టైము, అంకె రాయడం, పంపడం. వరదల్లో మూడు గంటలకోసారి. ఇవాళ నా బదులు ఇంకొకతను చూస్తాడు, కాస్త వంగి చూడమని చెప్పాను, నిలబడి చూస్తే రెండు సెంటీమీటర్లు ఎక్కువ కనపడతాయి. ఇతాతి నాలుగేళ్ళప్పట్నుంచి నాతో వచ్చేది. అంకెలు అక్కడే నేర్చుకుంది, బడిలో కాదు. ఆ పిల్లకి నేను నేర్పిన సంగతులు లెక్కపెడితే ఎక్కువ లేవు. సైకిల్ వాళ్ళమ్మ నేర్పింది, ఈత దానంతటదే వచ్చింది. నేను నేర్పింది ఒకటి: తేదీ ముందు రాయి, తర్వాత టైము, తర్వాత చూసింది రాయి, అనుకున్నది రాయకు. ఒకసారి, పెళ్ళికి ముందు, మంచులో కమ్మీ కనపడక నిన్నటి అంకె మీద ఒక సెంటీమీటరు కలిపి చూడకుండా రాసేశాను. ఎవరూ అడగలేదు. నీళ్ళు కూడా ఏమీ అనలేదు. ఆ అంకె ఇప్పటికీ ఎక్కడో పట్టికలో మిగతావాటితో సమానంగా నిలబడి ఉండాలి. ఇది ఇతాతికి చెప్పలేదు.

ఇవాళ లోపల బల్ల మీద ఉన్నది ఆ పిల్ల రాసిన నోట్‌బుక్. నీలం అట్ట. అందులో ఉన్నదంతా పిల్లలు ఆన్‌లైన్‌లో ఆడే ఒక ఆట సంగతి, ఆ ఆటలో నీళ్ళ మధ్య దీవులుంటాయి, పిల్లలు వాటి మీద ఇళ్ళు కట్టుకుంటారు, ఒకరి దీవికి ఒకరు పడవల్లో పోతారు, పోయి మాట్లాడుకుంటారు. లోకంలో ఉన్న పిల్లలంతా అక్కడున్నట్టే ఉంటుంది, లోకంలో ఉన్న పెద్దవాళ్ళలో ఎంతమంది పిల్లల పేర్లతో అక్కడున్నారో మాత్రం ఎవరికీ తెలీదు. ఇతాతీ, మూడిళ్ళ అవతలుండే మైతేనా కలిసి ఒక తెప్ప హోటల్ కట్టారు. కొన్ని నెలలు అదే గోల, మెనూలో ఏం పెట్టాలి, కుర్చీలకి ఏ రంగెయ్యాలి. ఆ హోటల్‌కి నీటికుక్క11 అనే పేరుతో ఒకడు రావడం మొదలుపెట్టాడు. పన్నెండేళ్ళ వాణ్ణన్నాడు. కొన్నాళ్ళకి మైతేనాని ఫొటోలడిగాడు, మెసేజీలకి ఇంకో చోటికి రమ్మన్నాడు. ఆ ఫొటోల మాట మా అమ్మాయికి నచ్చలేదు. ఆటలో ఒక మూల రిపోర్ట్ కొట్టే బటన్ ఉంది. కొట్టింది. కొట్టి, నోట్‌బుక్ తీసి తేదీ వేసింది, టైము వేసింది, వాడన్నమాట ఉన్నదున్నట్టు రాసింది. కింద, ఆ ఆట నడిపే కంపెనీ నుంచి వచ్చిన జవాబు రాసింది: మన లోకాన్ని భద్రంగా ఉంచడానికి సాయపడినందుకు కృతజ్ఞతలు, పరిశీలించాం, నియమాలకు విరుద్ధంగా ఏమీ కనపడలేదు. ఏడుసార్లు కొట్టింది. ఏడుసార్లూ అదే జవాబు, మూడోసారి నుంచి జవాబు మొత్తం రాయకుండా ‘అదే’ అని రాసింది. పోయినేడాది మార్చి మూడు నుంచి ఏప్రిల్ పద్దెనిమిది దాకా. ఏప్రిల్ ఇరవై ఒకటిన మైతేనా బడికని బయల్దేరి బస్టాండుకి వెళ్ళింది.

“జరుగు” అంది జుల్మా.

మైతేనా తల్లి. పక్కన కూర్చుంది. చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు, టీలా తాగే మాతే ఆకు నింపిన సొరబుర్ర గిన్నె, ఒడిలో గుడ్డలో కట్టిన జున్ను రొట్టెలు. ఆ కంపెనీ మీద ఈ కేసు వేసింది ఆమే, ఎనిమిదింటి నుంచీ ఇక్కడుందట. నీళ్ళు పోసి మొదటి గిన్నె తాను పీల్చింది, రెండోది నాకిచ్చింది. చేదు. వరండా చివర బల్ల దగ్గర కూర్చున్న బంట్రోతు అపారీసియో పేపర్ మీంచి తలెత్తాడు.

“ఇక్కడ తాగకూడదని బోర్డుంది, చమీగో” అన్నాడు నాతో, మావైపు నేస్తాన్ని పిలిచినట్టు.

“బోర్డు చలికాలానికి కాదులే” అంది జుల్మా. “నీకూ ఒకటి పోయనా?”

“రొట్టె కూడా ఉందా?”

“ఉంది.”

“అయితే బోర్డు నేను చూడలేదు” అని లేచి వచ్చి రొట్టె తీసుకుపోయాడు.

జుల్మా నవ్వలేదు గాని నవ్విన మొహంలాగే పెట్టింది. ఈ ఏడాదిన్నరలో ఆమె ఇలాంటి మొహాలు చాలా నేర్చుకుంది. ఫ్లాస్కు మూత తిప్పుతూ అంది, “రాత్రి మైతేనాని అడిగాను, రేపు ఇతాతి మాట్లాడుతుందే, ఏమన్నా చెప్పమంటావా అని. గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత చాలాసేపటికి, దానికి చలేస్తుంది, ఆ కోర్టులో హీటర్ ఉందో లేదో అంది. అంతే.” మూత బిగించి, “అది అలా అడిగింది ఈ మధ్యలో ఇదే మొదలు” అంది. తర్వాత నా మోచేతి మీద చెయ్యి వేసి, “నీ కూతురు లేకపోతే నాకు కేసే లేదు అన్సెల్మో. ఇంతమంది పెద్దవాళ్ళం ఉన్నాం, ఏదో ఒకటి చేసింది ఆ పిల్లొక్కతే” అంది.

నేను గిన్నె ఆఖరిదాకా పీల్చి తిరిగిచ్చాను. ఏమీ అనలేదు. మా దగ్గర మాతే తిరిగిచ్చేటప్పుడు థాంక్స్ అంటే ఇక వద్దని అర్థం, అనకపోతే మళ్ళీ వస్తుంది. మళ్ళీ వచ్చింది.

నోట్‌బుక్‌లో నాలుగో రిపోర్టు మార్చి ముప్పై ఒకటిది. ఐదోది ఏప్రిల్ ఆరుది. రెంటి మధ్యా ఒక వరుస ఖాళీ. ఆ పిల్ల ఎక్కడా వరుస వదలదు, వదిలితే కాగితం దండగని నా దగ్గరే నేర్చుకుంది. బోర్దోన్ మేడమ్ మొదటిసారి మా ఇంటికొచ్చి నోట్‌బుక్ అడిగిన రోజు, ఇతాతి లోపలికెళ్ళి తీసుకురావడానికి చాలాసేపు పట్టింది. తెచ్చాక బల్ల మీద పెడుతూ అరచేత్తో పేజీ ఒకసారి దులిపింది. రబ్బరు పొడి. మేడమ్ చూడలేదు. నేను చూశాను. మేడమ్ ఫొటోలు తీసుకుంటున్నంతసేపూ నేను వెనక నిలబడి ఆ ఖాళీ వరుసనే చూస్తూ ఉన్నాను. పెన్సిల్ గట్టిగా నొక్కి రాసే పిల్ల, తుడిచినా కాగితం మీద గాట్లు పోవు, కిటికీ వెలుగు పక్కనుంచి పడితే కనపడతాయి. ఏప్రిల్ 2. 7:40. నాన్నకి చెప్పాను.

చెప్పింది. వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది. నేను ఫోన్‌లో ఉన్నాను, నది ఐదు మీటర్ల డెబ్బైకి వచ్చింది, దిగువన లంకల్లో ఉన్నవాళ్ళని ఖాళీ చేయించాలా వద్దా అని అవతల అడుగుతున్నారు, నేను అంకె మళ్ళీ మళ్ళీ చెబుతున్నాను. నా భార్య గ్రిసెల్డా సురుబీ చేప వేయిస్తోంది, ఎగ్జాస్టు ఫ్యాను చప్పుడు. ఇతాతి నా చొక్కా పట్టుకుని లాగింది. “నాన్నా, ఆటలో ఒకడు మైతేనాని ఫొటోలు అడుగుతున్నాడు.” ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాను, అంత మర్యాద చేశాను, ఏమిటే అన్నాను, మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంకాస్త వివరంగా, నాలుగుసార్లు రిపోర్ట్ కొట్టాననీ ఎవరూ ఏమీ చెయ్యలేదనీ. “ఆ ఆట కట్టేసి రా, చేప చల్లారిపోతుంది” అన్నాను. వచ్చింది. కూర్చుంది. నిమ్మకాయ పిండుతుంటే గింజలు పడ్డాయి, వాటిని ఒక్కొక్కటీ ఏరి కంచం అంచున వరసగా పెట్టింది, ఐదు గింజలు. నేను ముల్లు తీస్తూ మళ్ళీ ఫోన్ వైపు చూశాను. గింజలు ఎన్నో గుర్తుంది గాని ఆ పిల్ల మొహం ఎలా ఉందో గుర్తులేదు, చూడలేదు కాబట్టి. లంకల్లోవాళ్ళని ఆ రాత్రే ఖాళీ చేయించారు, ఎవరికీ ఏమీ కాలేదు, నాకు మెచ్చుకుంటూ ఒక ఉత్తరం కూడా వచ్చింది.

పది ఇరవై ఆరు. నాదియా గొంతో ఇతాతి గొంతో వినపడుతుందేమోనని చెవి పెట్టి చూశాను, ఏమీ లేదు, ఆ రబ్బరు మంచిదే. ఎక్కడో ఎవరో స్టాంపులు గుద్దుతున్నారు. కంపెనీ లాయర్లలో పెద్దాయన పొద్దున నాతో చెయ్యి కలిపాడు, మెత్తటి చెయ్యి, ప్రయాణం ఎలా జరిగిందని అడిగాడు, తనకూ కూతుళ్ళున్నారన్నాడు. చెడ్డవాడిలా లేడు. వాళ్ళు కోర్టుకిచ్చిన జవాబు నలభై పేజీలు, బోర్దోన్ మేడమ్ నన్నూ జుల్మానీ తన ఆఫీసులో కూర్చోబెట్టి సారాంశం చెప్పింది. “వాళ్ళ వాదనంతా ఒక్క ముక్కే. పిల్లల్ని కనిపెట్టుకోవాల్సింది ఇంట్లోవాళ్ళు, మేం కాదు. కాబట్టి లోపల వాళ్ళు అడిగేది ఒక్కటే, ఈ విషయం ఏ పెద్ద మనిషికి తెలుసు? మన బలం ఎక్కడుందంటే, ఎవరికీ తెలీదు. ఆ పిల్ల చెప్పుకున్న పెద్ద మనిషి ఒక్క కంపెనీయే. అవునా అన్సెల్మో?” అంది. నేను తలూపాను. ఊపడానికి ఎంతసేపు పడుతుంది. మంచులో చూడకుండా రాసిన అంకెకి కూడా అంతే పట్టింది.

గ్రిసెల్డాకి తెలుసో లేదో తెలీదు. ఆ ఫ్యాను చప్పుడులో వినపడి ఉండదు. వినపడి ఉంటే ఇన్నాళ్ళు ఊరుకునే మనిషి కాదు. లేదా వినపడే, నేను చెప్తానేమోనని చూస్తోందేమో. ఈ మధ్య అన్నం పెట్టేటప్పుడు నా కంచం కాస్త దూరంగా పెడుతోందనిపిస్తుంది, అదీ నేను అనుకున్నదే కావచ్చు, అనుకున్నది రాయకూడదు. చూసిందే చెప్పాలంటే: మైతేనా కనపడని మొదటి రోజు ఊరంతా నది వైపు పరిగెత్తింది. పిల్ల కనపడకపోతే మా ఊళ్ళో ముందు నదినే చూస్తారు. జుల్మా నా కాళ్ళ దగ్గర కూర్చుని, నీకు ఆ నీళ్ళు తెలుసు, నువ్వు చూడు అంది. చూశాను. పడవలో, వెదురు గడతో, ఒడ్డు వెంట కొట్టుకొచ్చిన పొదల కింద, రేవు స్తంభాల మధ్య, పొద్దున్నుంచి చీకటిపడేదాకా. నీళ్ళు దిగుతున్న రోజులు, బురద వాసన. ఆ గడ దించుతున్నప్పుడల్లా ఏదో ఒకటి అడుగున తగులుతుంది, తీసి చూస్తే కొమ్మ. వంటింటి గుమ్మంలో ఇతాతి చెప్పిన మాట నాకు ఆ పడవలో గుర్తొచ్చిందా? ఈ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను. వచ్చి ఉంటుంది. వస్తే, ఆట మాట ఆటలోది, ఇది నది, అని పక్కకి పెట్టి ఉంటాను. ఖాయంగా తెలిసింది ఒకటుంది. రెండో రోజు పొద్దున ఇతాతి నీలం అట్ట నోట్‌బుక్ చంకలో పెట్టుకుని ఇంట్లోంచి బయల్దేరింది. నేను గుమ్మంలోనే బూట్లు తొడుక్కుంటున్నాను. నన్ను దాటుకుని మూడిళ్ళ అవతల జుల్మా ఇంటికి వెళ్ళి, అక్కడున్న పోలీసుల చేతిలో పెట్టింది. నా దగ్గర ఆగలేదు. ఒకసారి చెప్పిన చోట మళ్ళీ చెప్పడం ఎందుకని అనుకుని ఉంటుంది. వాళ్ళు వాడి పేరొక్కటి రాసుకుని నోట్‌బుక్ తిరిగిచ్చేశారు. ఆ పేరు పట్టుకుని, ఆ సాయంత్రానికి నదికి అవతల, చాకో వైపు ఒక ఊళ్ళో, ఒక ఇంటి వెనక గదిలో మైతేనా దొరికింది. వాడికి నలభై మూడేళ్ళు. వాడిప్పుడు జైల్లో ఉన్నాడు, అది వేరే కేసు, దాని గురించి మేం మాట్లాడుకోం. మైతేనా ప్రాణంతో ఇంటికొచ్చింది. బడి మానేసింది. ఇతాతి వెళ్తే తలుపు తీయదు, కోపంతో కాదట, చూస్తే గుర్తొస్తుందట.

“ఇంకోటి పోయనా?” అంది జుల్మా.

“పొయ్యి.”

“నీళ్ళు చల్లబడ్డాయి. కింద క్యాంటీన్‌లో పట్టుకొస్తా.” లేచి, ఒడిలోని పొడి దులుపుకుని, మెట్లు దిగింది.

పొద్దున బస్సులో ఇతాతి కిటికీ పక్కన కూర్చుంది. బయట నారింజ తోటలు తెల్లవారుతున్నాయి. చాలాసేపు అద్దం మీద ఆవిరి పట్టిస్తూ, తుడుస్తూ కూర్చుని, “అంతా చెప్పాలా నాన్నా?” అంది. అంతా అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఇప్పటికి ఏడాదిన్నరగా ఇద్దరం ఒకే ఇంట్లో ఆ వరుస చుట్టూ తిరుగుతున్నాం. చెప్పు అనొచ్చు. ఫర్లేదు అనొచ్చు. “అడిగినదానికి చెప్పు” అన్నాను. మంచి సలహాలాగే ఉంది, ఏ లాయరు విన్నా మెచ్చుకుంటాడు. ఇతాతి తలూపింది, నేను మేడమ్ ముందు ఊపినట్టే.

తలుపు తెరుచుకుంది. పదీ యాభై. నాదియా ముందు, వెనక ఇతాతి. “పది నిమిషాలు విరామం. బాగా మాట్లాడింది. ఇంకేమన్నా చెప్పాలనుంటే చెప్పడానికి ఆఖర్న ఒక్కసారి లోపలికి రావాలి, అంతే” అంది నాదియా, మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. ఇతాతి వచ్చి జుల్మా కూర్చున్న చోట కూర్చుంది. కాళ్ళు నేలకి అందుతున్నాయి ఇప్పుడు, ఏడాది కిందట అందేవి కావు. లోపల హీటర్ ఉండి ఉండాలి, చెంపలు ఎర్రగా ఉన్నాయి.

“ఆ ఖాళీ గురించి అడిగారు” అంది నెమ్మదిగా.

“ఏం చెప్పావు?”

“తప్పు రాశాను, తుడిచేశానన్నా.” గోళ్ళు చూసుకుంటోంది. “ఎవరన్నా పెద్దవాళ్ళకి చెప్పావా అన్నారు. లేదన్నా.”

“ఎందుకలా చెప్పావమ్మా?”

“నిన్ను అంటారుగా మరి” అంది. ఇందులో అడగడానికేముందన్నట్టు. “అక్కడ కంపెనీ వాళ్ళున్నారు, అద్దం వెనకాల. నాకు తెలుసు.”

నాకు ఆ క్షణాన ఏడుపు రాలేదు, రావాల్సిందేమో. వచ్చిందల్లా ఒక లెక్క. పిల్ల లేదంది కాబట్టి కేసు గట్టిపడింది. నేను తప్పించుకున్నాను. ఇక ఎవరూ ఎప్పుడూ అడగరు. ఆ లెక్కంతా నా తలలో ఎంత తొందరగా, ఎంత శుభ్రంగా పూర్తయిందో చూస్తూ కూర్చున్నాను. నా పక్కన పదకొండేళ్ళ పిల్ల ఉంది, చూసిందే రాయాలని నేను నేర్పిన పిల్ల, నా కోసం ఒక జడ్జి ముందు లేదంది. ఇకనుంచి ఆ మాట తన దగ్గరుంటుంది. ముప్పై ఏళ్ళొచ్చినా ఉంటుంది. నేను పోయాక కూడా ఉంటుంది.

జుల్మా ఫ్లాస్కుతో మెట్లెక్కి వస్తోంది. ఇతాతిని చూసి మొహం వెలిగింది, రొట్టె మూట విప్పబోయింది. నేను లేచి నిలబడ్డాను.

“జుల్మా, ఇతాతి నాకు చెప్పింది.”

“ఏం చెప్పింది?”

“వాడు మైతేనాని ఫొటోలు అడుగుతున్నాడని. ఏప్రిల్ రెండున, మా వంటింట్లో. నేను ఆట కట్టేసి తినడానికి రమ్మన్నాను.”

ఆమె మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత పెదాలు కదిలాయి, రెండు నుంచి ఇరవై ఒకటి దాకా లెక్కపెడుతోందని తెలిసింది. పంతొమ్మిది రోజులు. ఫ్లాస్కు బెంచీ మీద పెట్టింది, మళ్ళీ తీసి, నాకు దూరంగా, అటు చివర పెట్టింది.

“నదిలో వెతకమన్నాను నిన్ను” అంది. గొంతు పెరగలేదు. “రోజంతా వెతికావు.”

“వెతికాను.”

“ఇప్పుడు నాకెందుకు చెప్తున్నావు?”

“లోపల చెప్పే ముందు నీకు...”

“నాకు చెప్పి తేలికపడకు. పో. లోపల చెప్పు” అని, కిటికీ దగ్గరికి వెళ్ళి మాకు వీపు పెట్టి నిలబడింది. ఇతాతి నన్ను చూడడం లేదు, ఆ వీపునే చూస్తోంది.

బోర్దోన్ మేడమ్ రెండో తలుపులోంచి ఫోన్ చూసుకుంటూ వచ్చింది, హుషారుగా ఉంది. మూడు వాక్యాల్లో చెప్పాను. ఫోన్ సంచిలో వేసుకుని నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. “నేను నిన్ను నా ఆఫీసులో అడిగాను” అంది. అడిగారన్నాను. “దీంతో వాళ్ళేం చేస్తారో తెలుసా? మొదటి పేజీలో పెడతారు, తండ్రికి తెలుసు అని. పైగా పిల్ల ఇందాకే లేదంది. ఒకటి అబద్ధమైతే మిగతా ఏడూ అబద్ధమంటారు.”

“ఆ ఏడింటికీ వాళ్ళు జవాబులు పంపారు కదా మేడమ్” అన్నాను. “అబద్ధమంటే వాళ్ళ జవాబులు కూడా అబద్ధమవ్వాలి.”

ఆమె నన్ను కొత్తగా చూసింది. అప్పుడు వెనకనుంచి ఇతాతి, “నేను చెప్తాను. ఇంకేమన్నా ఉంటే చెప్పమన్నారుగా” అంది. లేచి గౌను సర్దుకుంది. నా వైపు కాకుండా నాదియా వైపు నడిచింది. నాదియా చేతిలో నీళ్ళ గ్లాసు అలాగే ఉంది. తలుపు మూసుకుంది. ఆరు నిమిషాలు పట్టింది. గంటసేపు ఏదేదో అనుకున్నవాణ్ణి, ఆ ఆరు నిమిషాలూ ఏమీ అనుకోలేదు. కింద ఊడ్చే ఆమె చెత్తబండి తోసుకుంటూ వెళ్ళిపోవడం చూశాను, అంతే.

ఇది జరిగి నాలుగు నెలలయింది. తీర్పు డిసెంబరులో వచ్చింది. నా మాటలు అందులో పదకొండో పేజీలో ఉన్నాయి, నా పేరు లేకుండా, ‘సాక్షి తండ్రి’ అని. ఇంట్లో ఒక మనిషి ఒకసారి వినకపోవడం, ఏడుసార్లు విని ఏడుసార్లూ ఏమీ లేదని జవాబిచ్చినవాళ్ళ బాధ్యతని తీసెయ్యదని జడ్జిగారు రాశారు. ఆ వాక్యం ముందు ఇంకొకటుంది, తండ్రి తప్పు తక్కువదేమీ కాదని. రెండూ చదివాను. కంపెనీ పై కోర్టుకి వెళ్ళింది, ఇంకా నడుస్తుందట. గ్రిసెల్డా తీర్పు చదివి, మడిచి, ఫ్యాను చప్పుడులో నాకు వినపడలేదనుకున్నావా అని మాత్రం అంది. జుల్మా వీధిలో ఎదురైతే తలూపుతుంది, గిన్నె అందించదు. పోయిన వారం మైతేనా గేటు దాకా వచ్చిందని ఇతాతి చెప్పింది. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు, నేను అడగలేదు, కాని ఇప్పుడు ఆ పిల్ల చెప్పడం మొదలుపెడితే చేతిలో ఉన్నది కింద పెడతాను. ఆలస్యమే.

ఆ రోజు వరండాలో, ఆరో నిమిషం అయ్యాక, తలుపు తెరుచుకుని ఇతాతి వచ్చింది. ఏడ్చినట్టుంది, కళ్ళు కడుక్కున్నట్టు కూడా ఉంది. వెనకే అపారీసియో రొట్టె పొడి తుడుచుకుంటూ కాగితం చూసి, నా పూర్తి పేరు చదివి, గుర్తింపు కార్డు తీసుకుని రెండో గదిలోకి రమ్మన్నాడు, అద్దం వెనక గదిలోకి. జడ్జిగారు నా మాట కూడా వింటారట, ఇప్పుడే. ఇతాతి నేను కూర్చున్న చోట కూర్చుంది. జుల్మా ఇంకా కిటికీ దగ్గరే ఉంది.

“ఎంతసేపు పడుతుంది?” అంది ఇతాతి.

“తెలీదు.”

జాకెట్ జిప్పు మెడదాకా లాక్కుంది, వీపు బెంచీకి ఆనించింది.

“వెళ్ళు నాన్నా. నేనిక్కడే ఉంటా.”